అరుదైన పాత పికప్ అంటున్నారు సరే, ఆ అరుదు బండిలో ఎక్కడుంది?

తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థమయ్యేలా ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్తాను. మీ ముందు మూడు ప్రకటనలున్నాయి. ఒకటి 1955 షెవర్లే కేమియో కేరియర్, వీ8తో (వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్ల ఇంజిన్; వీ6 అంటే ఆరు). రెండోది 1962 జీఎంసీ హాఫ్ టన్, వీ6తో. మూడోది 1951 ఫోర్డ్ ఎఫ్-1, ఫ్లాట్‌హెడ్ వీ8తో (వాల్వులు హెడ్డులో, అంటే ఇంజిన్ పై మూతలో కాక, సిలిండర్లుండే బ్లాక్‌లోనే ఉండే పాత రకం). మూడింట్లోనూ "చాలా అరుదైన బండి, ఒరిజినల్ ఇంజిన్, నంబర్లన్నీ కలుస్తాయి" అని రాశారు. ఏది తీసుకోవాలి, ఇంజిన్ దగ్గర ఏం చూడాలి, పాతది ఇబ్బంది పెడితే తీసేసి కొత్త వీ8 పెట్టుకోవచ్చా అని అడిగారు.

నేను చాలా ఏళ్లుగా పాత అమెరికన్ పికప్‌ల ఇంజిన్లు విప్పి బిగిస్తున్నవాణ్ణి. ఎవరైనా బండి అరుదు అనగానే నాకొచ్చే మొదటి సందేహం: అరుదైనది రేకా (అంటే బాడీనా), ఇంజినా? రెండింటికీ అయ్యే ఖర్చు వేరు, పడే తిప్పలు వేరు. ఇది తేల్చుకోకుండా డబ్బు కట్టేసినవాళ్లు తర్వాత ఒక డోర్ అంచు పట్టీ కోసమో ఒక పిస్టన్ సెట్ కోసమో నెలల తరబడి తిరుగుతూ ఉంటారు.

నిజానికి అరుదైన పికప్‌లలో చాలావాటికి ఇంజిన్ మామూలుదే. చిన్న కంపెనీలకు పికప్ కోసమని ప్రత్యేకంగా ఇంజిన్ తయారుచేసే స్తోమత ఉండేది కాదు, కార్లో ఉన్నదే తెచ్చి పెట్టేవాళ్లు. హడ్సన్‌నే చూడండి. యుద్ధం తర్వాత 1946లో 3,374, 1947లో 2,917 పికప్‌లు చేసి ఇక చాలించుకుంది. ముందు భాగం కారుదే. ఇంజిన్ కూడా కార్లో ఉండే 212 క్యూబిక్ అంగుళాల ఫ్లాట్‌హెడ్ సిక్సే (ఆరు సిలిండర్లది), 102 హార్స్‌పవర్. ఈ అంగుళాల లెక్క ఇంజిన్ సైజు; ఇకపై ఇంజిన్ పేర్లలో వచ్చే 259, 230 లాంటి అంకెలూ అవే. ఆ ఇంజిన్ సామాన్లు హడ్సన్ కార్లవాళ్ల దగ్గర వెతికితే దొరుకుతాయి. దొరకనివి వెనక తొట్టి, దాని డోరు. అన్నట్టు ఆ బండి క్లచ్ ఒక వింత. ప్లేటుకు కార్క్ బిళ్లలుంటాయి, అది నూనెలో మునిగే పనిచేస్తుంది. తెలియని మెకానిక్ "క్లచ్‌లోకి ఆయిల్ కారింది" అని శుభ్రంగా తుడిచి ఇస్తే ఆ కార్క్ మాడి ఊరుకుంటుంది.

స్టూడ్‌బేకర్ చాంప్‌దీ అదే కథ. 1960లో వచ్చింది. లార్క్ కారు ముందు సగమే దాని క్యాబిన్. మరుసటి ఏడాది వెడల్పాటి తొట్టి కావాల్సి వస్తే డాడ్జ్ వదిలేసిన పాత అచ్చులు కొనుక్కొచ్చి చేశారు. అందుకే పక్కనుంచి చూస్తే క్యాబిన్ గీత ఒక ఎత్తులో, తొట్టి గీత ఇంకో ఎత్తులో ఉంటాయి. యాక్సిడెంట్ అయిన బండి అనుకోకండి, ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చింది. దాని 259, 289 వీ8లు మొండి ఇంజిన్లు, నమ్మొచ్చు. 170 ఓవర్‌హెడ్ వాల్వ్ సిక్స్ అయితే మాత్రం హెడ్డు పగుళ్ల కోసం పరీక్ష చేయించకుండా బేరం ఆడొద్దు.

ఇంజినే అరుదైన బండ్లు వేరే జాతి. 1963 మోడల్‌గా వచ్చిన జీప్ గ్లాడియేటర్‌లో టోర్నడో 230 అనే సిక్స్ ఉంటుంది. వాల్వులను తెరిచే కడ్డీ, అంటే క్యామ్, హెడ్డు మీదే తిరుగుతుంది. ఒక్కో సిలిండర్‌కు క్యామ్ మీద ఒకే మిట్ట, అదే ఇన్‌టేక్ వాల్వునూ ఎగ్జాస్ట్ వాల్వునూ రెండింటినీ నొక్కుతుంది. తెలివైన డిజైనే కానీ అమెరికాలో పౌర బండ్లలో మూడునాలుగేళ్లకు మించి నిలవలేదు. అర్జెంటీనాలో మాత్రం ఐకా కంపెనీ దాన్నే మెరుగుపరిచి టొరీనో కార్లలో ఏళ్ల తరబడి వాడింది. బండి అమెరికాది, సామాను వేట అర్జెంటీనాలో! డాడ్జ్ 1964, 65ల్లో డీ100 పికప్‌కు 426 వెడ్జ్ అనే పెద్ద వీ8, 365 హార్స్‌పవర్ ఇంజిన్ ఆప్షన్‌గా ఇచ్చింది. అలా బయటికొచ్చినవి చాలా కొద్ది. అందులో ఆ ఇంజిన్ లేకపోతే మిగిలేది మామూలు డీ100 రేకే. ఇలాంటి బండిలో ఇంజిన్ కాగితాలే అసలు ఆస్తి.

ఇక మీ మూడు బండ్లు.

జీఎంసీతో మొదలుపెడతాను, దాని సంగతి తేలిగ్గా తేలుతుంది. 1960 నుంచి 62 వరకు వచ్చిన ఆ తరం బండికి ముందు చక్రాలకు టార్షన్ బార్ (స్ప్రింగుకు బదులు మెలి తిరిగే ఉక్కు కడ్డీ) సస్పెన్షన్. క్యాబిన్, డోర్లు, అద్దాలు అన్నీ షెవర్లేతో కలుస్తాయి కాబట్టి రేకు గురించి టెన్షన్ అక్కర్లేదు. తేడా అంతా ఇంజిన్‌దే. షెవర్లేలో నిలువు సిక్స్ (సిలిండర్లన్నీ ఒకే వరసలో) ఉంటే జీఎంసీలో 60 డిగ్రీల 305 వీ6. అమెరికాలో పెద్ద ఎత్తున తయారైన మొదటి వీ6 ఇదే. 150 హార్స్‌పవర్ అని చదివి పెదవి విరవకండి. 260 పౌండ్-అడుగుల టార్క్ 1,600 ఆర్పీఎం దగ్గరే వచ్చేస్తుంది. బరువు వేసుకుని ఎత్తు ఎక్కించండి, అప్పుడు తెలుస్తుంది దాని సంగతి. ప్లగ్గులు మామూలు వీ ఇంజిన్లలోలా పక్కల కింద, వేడి సైలెన్సర్ గొట్టాల దగ్గర ఉండవు. లోపలి వైపు, పైన ఉంటాయి. నడుం వంచకుండా మార్చుకోవచ్చు. ఈ ఒక్క సౌకర్యానికే ఆ ఇంజినీర్లకు దండం పెట్టొచ్చు.

ఇబ్బంది ఎక్కడంటే, ఇది లారీల కోసం పుట్టిన ఇంజిన్. బరువెక్కువ, తాగుడెక్కువ, పరుగు తక్కువ. దీన్ని వేగంగా తిప్పే ప్రత్యేక సామాన్లు మార్కెట్లో లేనట్టే. ఇదే కుటుంబం 1974 దాకా నడిచింది, 351, 401, 478 అని పెద్దవీ వచ్చాయి, కాబట్టి బొత్తిగా దొరకనిదేమీ కాదు. కానీ పిస్టన్లు, వాటర్ పంపు కొనేటప్పుడు షెవర్లే ధర ఊహించుకోవద్దు. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఆయిల్ ప్రెషర్ ఎంతుందో చూడండి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ స్టడ్లు విరిగి ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి, విరిగిన స్టడ్ తీయడం ఒక రోజంతా పట్టే పని కావచ్చు.

ఇదే సందర్భంలో ఒక పుకారు తుడిచేస్తాను. ఈ కుటుంబంలోనే ట్విన్ సిక్స్ అని 702 క్యూబిక్ అంగుళాల వీ12 ఉంది, 1960 నుంచి 65 దాకా పెద్ద లారీలకు ఇచ్చారు. 275 హార్స్‌పవర్, 630 పౌండ్-అడుగులు. నాలుగు ట్యాపెట్ కవర్లు, నాలుగు ఎగ్జాస్ట్ మానిఫోల్డులు, రెండు డిస్ట్రిబ్యూటర్లు కనబడతాయి కాబట్టి రెండు వీ6లను వెల్డింగ్ చేశారని చెప్పుకుంటారు. తప్పు. బ్లాక్ ఒకే పోత. లోపలి భాగాలు చాలావరకు 351 వీ6వి. ఈ వీ12 ఉన్న పికప్ అంటూ ఎవరైనా చూపిస్తే అది తర్వాత ఎవరో ఎక్కించినదే, ఫ్యాక్టరీ పికప్‌లో ఇవ్వలేదు.

ఫోర్డ్ ఎఫ్-1 దగ్గర మాత్రం కాస్త ఆగాలి. బండి అరుదేమీ కాదు, ఆ మాట ప్రకటనలో కొట్టేసుకోండి. 1948లో మొదలైన ఎఫ్ సిరీస్ మొదటి తరం, లెక్కలేనన్ని అమ్ముడుపోయాయి. జనం మోజు ఆ వీ8 మీద. 1932లో 221 క్యూబిక్ అంగుళాలు, 65 హార్స్‌పవర్‌తో మొదలై, సామాన్యుడు కొనగలిగే ధరలో వచ్చిన మొదటి వీ8 అది. మీ 1951 నాటికి 239 అంగుళాలు, 100 హార్స్‌పవర్. లారీలకు ఇచ్చిన రకానికి హెడ్డు మీద 8ఆర్‌టీ అని, కార్లకు ఇచ్చినదానికి 8బీఏ అని పోతలో ఉంటుంది. 8బీఏ హెడ్డు కనబడినంత మాత్రాన కంగారు పడొద్దు, హెడ్లు అటూ ఇటూ మారడం మామూలే. నీళ్ల గొట్టాలు హెడ్డు మధ్యలోంచి లేచి, క్లచ్ హౌసింగ్ బ్లాక్‌తో కలిసే ఉంటే మాత్రం అది అంతకు ముందు కాలపు 59ఏబీ రకం. అంటే ఎప్పుడో మార్చారు.

ఈ ఇంజిన్‌కు పుట్టుకతో వచ్చిన జబ్బు వేడి. వాల్వులు హెడ్డులో కాకుండా బ్లాక్‌లో సిలిండర్ పక్కనే ఉంటాయి. కాలిన పొగ బయటికి పోవాలంటే బ్లాక్ లోపల నీళ్ల మధ్యలోంచి దారి చేసుకుని పోవాలి. పైగా ఒక్కో వైపు నాలుగు సిలిండర్లకు మూడే దారులు, మధ్య రెండూ ఒకే రంధ్రాన్ని పంచుకుంటాయి. ఆ వేడంతా రేడియేటర్ మీదే పడుతుంది. దాంతో అందరూ రేడియేటర్ మారుస్తారు, పంపులు మారుస్తారు (దీనికి రెండు వాటర్ పంపులు), అయినా మరుగుతూనే ఉంటుంది. చాలాసార్లు అసలు దొంగ బ్లాక్ అడుగున ఉంటాడు. ఫ్యాక్టరీలో పోత పోసినప్పటి ఇసుక, మీద పేరుకున్న తుప్పు గట్టిపడి నీళ్ల దారిని సగం మూసేస్తాయి. ఫ్రీజ్ ప్లగ్గులు (బ్లాక్ పక్క రంధ్రాలను మూసే లోహపు బిళ్లలు) పీకి, వంచిన ఇనుప కడ్డీతో లోపల గీకితే పిడికిళ్ల కొద్దీ బయటికొస్తుంది. కెమికల్ పోసి కడిగామని చెబితే నమ్మి ఊరుకోకండి.

వేడి తర్వాత పగులు. హెడ్లు విప్పిన ఫ్లాట్‌హెడ్ చూసే అవకాశం దొరికితే వదులుకోవద్దు. ఎగ్జాస్ట్ వాల్వ్ సీటుకూ సిలిండర్ గోడకూ మధ్య సన్నటి చోటు ఉంటుంది. మసి తుడిచి, కిరసనాయిలు రాసి, మళ్లీ పొడి గుడ్డతో తుడిచేసి టార్చి ఏటవాలుగా పట్టుకోండి. పగులుంటే అందులోకి దిగిన కిరసనాయిలు మెల్లగా పైకి ఊరుతూ వెంట్రుకంత నల్లటి గీత కనబడుతుంది. అది సీటు దగ్గరే ఆగిందా, సిలిండర్ లోపలికి దిగిందా అన్నదే ప్రశ్న. హెడ్ బోల్టు రంధ్రాల నుంచి నీళ్ల దారుల వైపు పాకే చిన్న పగుళ్లు చాలా బ్లాకుల్లో ఉంటాయి, వాటితో బతకొచ్చు, కుట్టించొచ్చు. సిలిండర్‌లోకి దిగినదానికి మాత్రం స్లీవ్ (లోపల కొత్త గొట్టం) వేయించాలి. ఖర్చు, నమ్మకం రెండూ అమ్మేవాడి మాట మీద ఆధారపడవు, మాగ్నాఫ్లక్స్ (అయస్కాంతంతో పగుళ్లు పట్టే) పరీక్ష కాగితం చూపించమనండి. హెడ్లు విప్పనివ్వనంటే కనీసం కంప్రెషన్ పరీక్ష చేసి, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన వెంటనే రేడియేటర్ మూత తీసి బుడగలు వస్తున్నాయేమో చూడండి.

కేమియో విషయంలో లెక్క తిరగబడుతుంది. ఇక్కడ ఇంజిన్ మామూలు షెవర్లేదే, అరుదంతా రేకుది. రేకు కూడా కాదు, ఫైబర్‌గ్లాస్. 1955 మార్చిలో షెవర్లే కొత్త తరం పికప్‌లతో పాటు ఇది వచ్చింది. అప్పటిదాకా పికప్ అంటే బయటికి పొడుచుకొచ్చిన మడ్‌గార్డులు, మధ్యలో ఇరుకు తొట్టి. చక్ జోర్డాన్ అనే యువ డిజైనర్ తొట్టి పక్కలను క్యాబిన్‌తో సమంగా చదునుగా గీశాడు. ఉక్కు అచ్చులకు డబ్బు పెట్టలేక, ఇరుకు తొట్టికే బయటివైపు ఫైబర్‌గ్లాస్ పలకలు తగిలించారు. వాటిని చేసింది కార్వెట్ స్పోర్ట్స్ కారు బాడీ పలకలు చేసిన ఒహాయో కంపెనీయే. మొదటి ఏడాది ఒకటే రంగు, దంతపు తెలుపు మీద ఎరుపు. 1955లో ఐదు వేల పైచిలుకు అమ్ముడయ్యాయి, ఆ తర్వాత ఏడాది పదిహేను వందల లోపే. 1958లో పూర్తి ఉక్కుతో ఫ్లీట్‌సైడ్ రాగానే దీని పని అయిపోయింది.

అందుకని కేమియో చూడ్డానికి వెళ్తే బానెట్ ఎత్తే ముందు వెనక్కి వెళ్లండి. వెనక బంపర్ మధ్య ముక్క కిందకి తెరుచుకోవాలి, దాని వెనకాల స్టెప్నీ దాక్కుని ఉంటుంది. ఆ బంపర్ ముక్క, స్టెప్నీ మోసే తట్ట, వెనక డోరు, దాని లాకులు ఉన్నాయా? పలకల లోపలి అంచుల దగ్గర బోల్టులు పట్టే చోట పగిలి, తర్వాత పుట్టీతో పూడ్చారా? ఇవన్నీ ఉంటే ఇంజిన్ ఎలా ఉన్నా మాట్లాడుకోవచ్చు. ఇవి లేకుండా మెరిసే ఇంజిన్ ఉంటే నేనైతే వెనక్కి వచ్చేస్తాను.

ఇప్పుడు ఆ "ఒరిజినల్ వీ8" సంగతి. 1955లో వచ్చిన 265తోనే షెవర్లే స్మాల్ బ్లాక్ అనే వీ8 కుటుంబం మొదలైంది. ఆ ఏడాది బ్లాక్‌కు ఆయిల్ ఫిల్టర్ బిగించే చోటే లేదు. ఉంటే గింటే పైన గొట్టాలతో విడిగా తగిలించిన డబ్బా ఉంటుంది. కింద, డ్రైవర్ వైపు వెనక మూలన బ్లాక్‌కు ఫిల్టర్ తగిలించి ఉంటే అది 1956 లేదా ఆ తర్వాతి ఇంజిన్. 283 కావచ్చు, 350 కావచ్చు, బయటికి అన్నీ అన్నదమ్ములే. గేర్‌బాక్స్ కలిసే అంచు మీద, డ్రైవర్ వైపు పోత నంబరు ఉంటుంది. 1955 బ్లాక్‌కు 3703524 కావాలి. గ్రీజు గీకి చూస్తే రెండు నిమిషాల పని.

"నంబర్లన్నీ కలుస్తాయి" అన్న మాటకు ఈ కాలపు పికప్‌లలో పెద్ద అర్థం లేదు. బండి నంబరును ఇంజిన్ మీద కూడా కొట్టే పద్ధతి షెవర్లేకు అప్పటికి రాలేదు. ఏ నంబరును దేనితో కలుపుతారు మరి? చేయగలిగింది తేదీలు సరిపోతున్నాయా అని చూడటమే. జీఎం (షెవర్లే, జీఎంసీల మాతృ సంస్థ) పోతలో నెలకు ఒక అక్షరం, ఏ అంటే జనవరి, బీ అంటే ఫిబ్రవరి, తర్వాత రోజు, చివర సంవత్సరపు ఆఖరి అంకె ఉంటాయి. ఇంజిన్ పోసిన తేదీ బండి బిగించిన తేదీకి కొన్ని వారాల ముందు ఉండాలి. తర్వాతది ఉంటే ఎవరేం చెప్పినా వినక్కర్లేదు. మీ ఎఫ్-1కు అయితే నంబరు ఎఫ్1ఆర్1తో మొదలవ్వాలి. ఆర్ అంటే వీ8, దాని తర్వాతి 1 అంటే 1951. ఆర్ ఉండాల్సిన చోట హెచ్ ఉంటే అది సిక్స్‌తో పుట్టిన బండి. అయితే ఆ ప్లేటు గ్లవ్ బాక్స్ మూత మీద నాలుగు స్క్రూలతో ఉంటుంది, మూత మారిస్తే జాతకమే మారిపోతుంది. ఛాసిస్ మీద కొట్టిన నంబరుతో కలిపి చూడండి.

వెతుకుతూ ఉంటే మీకు 1947-53 షెవర్లేలు కూడా బోలెడు కనబడతాయి, "235 ఇంజిన్" అని ఊరిస్తూ. అందులో ఒక మెలిక ఉంది. ఆ బండ్లతో వచ్చిన 216 సిక్స్‌లో కనెక్టింగ్ రాడ్లకు పోత పోసిన బాబిట్ (మెత్తటి లోహం) బేరింగులు. రాడ్డు అడుగున చిన్న చెంచా ఉండి, అది చాంబర్‌లోని నూనెను తోడి చిమ్ముతుంది. ప్రెషర్ మీటర్ 15 దాటకపోయినా జబ్బు కాదు. 235 అంటే ప్రెషర్‌తో నూనె అందే మంచి ఇంజిన్ అని అందరూ అనుకుంటారు. ట్రక్కుల్లో 1954 నుంచి వచ్చినవే అలాంటివి, అంతకు ముందరి ట్రక్కు 235కి కూడా చెంచాలే. పక్కనుండే పుష్‌రాడ్ కవర్ ప్లగ్గులను కూడా కలుపుకుని పైదాకా వెళ్తే అది పాత రకం. ప్లగ్గుల కిందే ఆగిపోతే 1950 తర్వాతది, అప్పుడు పోత నంబరు చూసి తేల్చుకోవాలి. అదృష్టం బాగుంటే 235 అని అమ్ముతున్నది 261 అయి ఉండొచ్చు. బయటికి కవలలే, బలం మాత్రం ఎక్కువ. అమ్మేవాడికి చెప్పాలా వద్దా అన్నది మీ మనస్సాక్షి.

కొత్త వీ8 పెట్టడం గురించి. తప్పని నేను అనను. రోజూ హైవే మీద తిప్పాలంటే ఎల్ఎస్ ఇంజిన్ (జీఎం కొత్త తరం వీ8) పెట్టుకున్నవాళ్లు హాయిగా తిరుగుతున్నారు. కానీ మీ మూడింట్లో నా సమాధానం మూడు రకాలు. ఎఫ్-1లో బ్లాక్ పగిలి ఉంటే పెట్టుకోండి, బాధపడాల్సిన పని లేదు. ఆ బండ్లకు కొదవ లేదు, ఫ్లాట్‌హెడ్ సామాన్లు కూడా ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి, మనసు మారితే వెనక్కి వెళ్లొచ్చు. కేమియోలో 265 ఎలాగూ పోయి ఉంటే ఏ స్మాల్ బ్లాక్ ఉన్నా పర్లేదు, ఛాసిస్ అడ్డ కమ్మీలు కోయకుండా బిగించండి. జీఎంసీలో మాత్రం వద్దు. ఆ వీ6 తీసేస్తే మీ దగ్గర మిగిలేది ముఖం మారిన షెవర్లే. అలాంటిది కావాలంటే షెవర్లేనే కొనుక్కోండి, సులువు.

ఏది తీసుకున్నా రెండు చిన్న విషయాలు. ఎఫ్-1కు ఆరు వోల్టుల బ్యాటరీ, పాజిటివ్ ఎర్త్. అలవాటు కొద్దీ నెగటివ్‌ను బాడీకి తగిలిస్తే ఆ రోజే డైనమో, అమ్మీటర్ సంగతి చూడాల్సి వస్తుంది. ఇక ఆయిల్ విషయానికి వస్తే ఈ పాత క్యామ్‌లకు జింక్ ఉన్న ఆయిల్ కావాలి, కొత్త కార్ల ఆయిల్‌లో అది తగ్గించేశారు. పాత రబ్బరు డయాఫ్రం ఉన్న పెట్రోల్ పంపు ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు తట్టుకోదు. అది చీలితే పెట్రోల్ నేరుగా ఆయిల్ చాంబర్‌లోకి దిగుతుంది. బండి చూడ్డానికి వెళ్లినప్పుడు డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన వస్తే ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని వాళ్లకు చెప్పండి, ఆయిల్ మార్చాకే బేరం.

మూడు బండ్లలో నన్ను ఒకటి ఎంచమంటే, మీకిది మొదటి పాత బండి అనుకుంటే, పరీక్షలో బ్లాక్ నెగ్గితే ఎఫ్-1. కేమియో వెనక బంపర్ ఫొటో, జీఎంసీ వేడెక్కాక ఆయిల్ మీటర్ ఫొటో అమ్మేవాళ్లను అడిగి ఇక్కడ పెట్టండి. వాటిని చూస్తే ఆ రెండింటి గురించి కూడా గట్టిగా చెప్పగలను.